వంతెన ఎక్కని కారు

నా చిన్నప్పుడు రేపల్లె వైపు మా ఊళ్ళలో ఎత్తంటూ ఏదైనా ఉంటే అది కాలవ వంతెనే. మిగతాదంతా చదును నేల. అందుకే మా నాన్న పాత కారుకి పట్టిన జబ్బు చాలాకాలం ఎవరికీ తెలియలేదు. నడుపుతున్నంతసేపూ ఎడమకాలు క్లచ్ మీదే ఆనించి ఉంచడం నాన్నకి అలవాటు. ఆ అలవాటే దాన్ని తినేసింది.

ఒకరోజు పెరట్లో నాన్న నాకొక పరీక్ష చూపించాడు. హ్యాండ్‌బ్రేక్ బిగించి, టాప్ గేరు వేసి, క్లచ్ మీద నుంచి మెల్లగా కాలు తీశాడు. క్లచ్ బాగుంటే ఇంజను టక్కున ఆగిపోవాలట. ఆగలేదు. కారు అంగుళం కదలకపోయినా ఇంజను మాత్రం హాయిగా తిరుగుతూనే ఉంది. "పట్టు పోయిందమ్మా, జారిపోతోంది. ఇక ఎత్తు ఎక్కదు" అన్నాడు. మా నాన్నకి తెలియనిది లేదని నేను మురిసిపోయాను. వంటింటి గుమ్మంలో నిలబడి అమ్మ కూడా చూసింది.

ఆ వారమే బాపట్ల నుంచి మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, ఆ కారు కొనడానికి వచ్చాడు. అప్పటికి అతనికి ఉద్యోగం పోయింది, ఇంట్లో చంటిపిల్ల. సూర్యలంక సముద్రానికి వచ్చేవాళ్ళని కారులో తిప్పి బతుకుదామని అతని ఆశ. నాన్న అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని చదును రోడ్డు మీద పక్కనున్న నగరం అనే ఊరి దాకా వెళ్ళొచ్చాడు. కారు బుద్ధిగా నడిచింది. భోజనాల దగ్గరైనా క్లచ్ సంగతి చెప్తాడని నేను ఎదురుచూశాను. పులుసు బాగా కుదిరిందన్నాడు, అంతే. నాన్న వైపు చూడాలంటేనే సిగ్గేసింది.

మావయ్య కారు తీసుకుని బయల్దేరుతుంటే అమ్మ రెండు బియ్యం బస్తాలు డిక్కీలో వేయించింది. "అమ్మకి కొత్త బియ్యం తీసుకెళ్ళరా. వంతెన దాకా మేమూ వస్తాం, పిల్ల సరదా పడుతోంది" అంటూ నన్ను వెనక సీట్లోకి ఎక్కించి తనూ ఎక్కింది. నేనేమీ సరదా పడలేదు. నాన్న "ఇప్పుడెందుకే ఇదంతా" అని గొణిగి, మావయ్య పక్కన కూర్చున్నాడు.

వంతెన సగం ఎక్కామో లేదో ఇంజను గోల పెట్టింది. మావయ్య తొక్కేకొద్దీ గోల పెరిగింది గానీ కారు ముందుకు పోలేదు. మాడు వాసన కొట్టింది. అందరం దిగాం. వెనక గడ్డిబండీ, సైకిళ్ళవాళ్ళూ ఆగి మమ్మల్నే చూస్తున్నారు.

"పొద్దున బానే ఉంది కదండీ బావగారూ. నేనేమన్నా తప్పు తొక్కానా ఏంటి?" అన్నాడు మావయ్య. అతని ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది. నిజం నా నోటిదాకా వచ్చేసింది. "నువ్వాగు" అంది అమ్మ మెల్లగా.

నాన్న మావయ్య వైపు తిరిగాడు. "నీ తప్పేం లేదయ్యా. క్లచ్ పోయింది. నాకు ముందే తెలుసు."

మావయ్య తల దించుకున్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోతూ కాలవ నీళ్ళకేసి తిరిగాను. అమ్మ ఒక్కతే నాన్న ముఖంలోకి చూస్తూ నిలబడిందట. తెనాలిలో క్లచ్ ప్లేటు మార్పించాకే నాన్న ఆ కారు మావయ్యకి ఇచ్చాడు. మావయ్య దానితోనే నిలదొక్కుకున్నాడు. అమ్మ కావాలనే ఆ బస్తాలు వేయించిందని, తమ్ముడి ముందు భర్తని తను నిలదీయకుండా ఆయన చేతే చెప్పించిందని నాకు పెద్దయ్యాక గాని తెలియలేదు.

నాన్న పోయాక అమ్మ ఇంకో మాట చెప్పింది. నిజం ఒప్పుకోగానే నాన్న ముందు చూసింది నా వైపేనట. ఇప్పుడు ఎవరైనా నా దగ్గర తప్పు ఒప్పుకుంటుంటే, ఎంత ఇబ్బందిగా ఉన్నా ముఖం తిప్పుకోను. ఆ రోజు నాన్నకి నా వీపే కనిపించింది.