మిద్దె మీది మన్ను

డెబ్భైల చివర్లో నాది భూకంపాల అంచనాలు కట్టే ఉద్యోగం. ఉద్యోగమంటే పెద్ద మాటే, ఒక సర్వే ఆఫీసులో తాత్కాలిక సహాయకుణ్ణి. మకాం ఆదోనిలో, మా ఇంట్లోనే. భూమి కదిలితే ఏ ఊరు ఎంత ఊగుతుందో తేల్చి పటంలో రంగు వేయాలి. అంతకు ముందు ఏడు ఒక చిన్న కదలిక వచ్చిపోయింది. దాని జాడ పట్టుకుని ఊరూరా తిరిగి ఫారాలు నింపేవాణ్ణి. పాత్రలు గలగలలాడాయా, వేలాడే దీపం ఊగిందా, పశువులు బెదిరాయా అని అడిగి, ఆ జవాబులను బట్టి ఊరికొక అంకె వేయాలి.

నాకు దొరికిన మంచి సాక్షి ఒక్కడే, ఎమ్మిగనూరు నేతగాడు. "మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకోని కూసున్నెప్పా. కాళ్లకే తెలిసింది" అన్నాడు. ఆస్పరి దిక్కున మాత్రం నన్ను చూసి నవ్వారు. "రైలు పోతే దినామూ గలగలమంటాయి గిన్నెలు. ఏ దినం సంగతి సెప్పమంటావు?" అన్నారు. నాకు ఒళ్లు మండేది. ఆ ఫారం తయారుచేసిన మహానుభావుడు రైలుకట్ట పక్కన నాలుగు రోజులు కాపురం చేస్తే బాగుండునని తిట్టుకునేవాణ్ణి.

పటంలో మా ప్రాంతానిది భయం తక్కువ అనే రంగు. నా భయం భూమి గురించి కాదు, ఇళ్ల గురించి. మా వైపు మిద్దెలకు రాయీ మట్టీ కలిపి కట్టిన గోడలు, పైన దూలాలు, వాటి మీద మన్ను. కారకుండా ఏటా వానలకు ముందు కొత్త చౌడు మన్ను పోస్తారు. పాతది తీయరు. తాత పోసిన దాని మీద తండ్రి, తండ్రి పోసిన దాని మీద కొడుకు. ఆ బరువు కింద దూలాలు వంగిపోతాయి. బండ మీద కట్టిన ఇల్లయితే కొంత నయం. నల్లరేగడి మీద ఉన్నది ఎక్కువ ఊగుతుంది. చిన్న కుదుపు చాలు, కప్పు మనుషుల మీదికి వస్తుంది.

ఇదంతా రెండు పేజీలు రాసి అధికారి చేతికిచ్చాను. ఆయన అడ్డంగా గీత కొట్టాడు. "మనల్ని అడిగింది భూమి గురించి. మిద్దెల గురించి ఎవరడిగారు?" అన్నాడు. తాత్కాలికం వాడికి నోరెక్కడిది?

ఆ ఉక్రోషంతోనే మళ్లీ ఆస్పరి వైపు వెళ్లాను. అక్కడొక పల్లెలో, నల్లరేగడి నేల మీద, ఒక ముసలామె ఇల్లు. భర్త చిల్లులు పడ్డ డబ్బాలకు మాట్లు వేసేవాడట, పోయి చాలా ఏళ్లయింది. ఆమె పత్తి ఏరుకుని బతికేది. నేను దూలాల వంక చూస్తుంటే దగ్గరికొచ్చి నిలబడింది.

"భూమి కదిలితే ఇది నిలుస్తాదా అప్పా? నా బిడ్డకు నెలలు నిండుతాండాయి. పురిటికి ఈడికే తెచ్చుకుంటాండా."

నిలవదని ఫారంలో రాసే వీల్లేదు. అందుకే నోటితో చెప్పాను. "పైన మన్ను దించెయ్యి అవ్వా. మూరెడు మందం ఉంది. అంతా తీసేసి, పలుచగా కొత్త చౌడు పొయ్యి, చాలు."

ఆమె మిద్దె వైపు చూసింది, నా వైపు చూసింది, ఏమీ అనలేదు. వారం రోజులు తట్టలతో మన్ను దించిందని తర్వాత తెలిసింది. ఊరు నవ్విందట. నాకు మాత్రం గర్వంగా ఉండింది. ఒక్క ఇంటినైనా కాపాడానని ఇంట్లో చెప్పుకున్నాను కూడా.

భూమి కదల్లేదు. వాన వచ్చింది. వానకు మొహం వాచిన మా సీమలో ఆ ఏడు మూడు రోజులు ముసురు పట్టింది. పాత మన్ను ఏళ్ల తరబడి గట్టిపడి నీటిని ఆపేదని, పలుచటి కొత్త చౌడు ఆపలేదని నాకు తట్టనే లేదు. బరువు లెక్క చూసిన నేను నీళ్ల లెక్క చూడలేదు. నీళ్లు గోడలోకి దిగాయి, రాళ్ల మధ్య మట్టి జారింది. మూడో రోజు మధ్యాహ్నం గోడ కూలింది. కూతుర్నీ పసిబిడ్డనూ బయటికి నెట్టిన ఆమె కుడి చెయ్యి రాళ్ల కింద పడింది.

వార్త తెలిసి వెళ్లాను. మసీదు వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చేతికి వెదురుబద్దలు కట్టారు. పక్కన కూతురు బిడ్డకు పాలిస్తోంది. ఆ చెయ్యి ఇక పత్తి ఏరదని చూడగానే తెలిసిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. తిడితే బాగుండునని ఎదురుచూశాను. ఆమె తిట్టలేదు, పక్కకు జరిగి నాకు చోటిచ్చింది.

"నాదే తప్పప్పా" అంది. "ఆ సౌడు సాలదని నాకు తెలుసు. సర్కారోడు సెప్తాండాడు గదా అని నోరు మూసుకుంటి."