నిప్పుకు కాపలా

ఎండాకాలంలో ఆరుబయట నిప్పు పెట్టకూడదని నాకు తెలియక కాదు. నేను ఇంటర్మీడియట్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. ఎండిన గడ్డి ఎంత వేడికి అంటుకుంటుందో, గాలి తోడైతే నిప్పురవ్వ ఎక్కడికి పోయి పడుతుందో బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పగలను. అయినా ఆ వేసవి సెలవుల్లో వరసగా నాలుగు ఆదివారాలు పెరట్లో బొగ్గులు రాజేసి మాంసం కాల్చాను. నోటి రుచికి ఆగలేక చేశానని తెలిసినవాళ్ళు అనుకున్నారు. అది నిజం కాదు. నిజం ఒక్కరికే చెప్పాను, అదీ బాగా ఆలస్యంగా.

మా ఆవిడ పోయిన తర్వాత అనంతపురంలో ఉండలేకపోయాను. కూరగాయల బండి దగ్గర, మందుల షాపు దగ్గర, ఎక్కడ కనిపించినా జనం మొహంలోకి తొంగిచూసి "ఎట్లుండావప్పా?" అని సాగదీసేవాళ్ళు. నాకు ముక్కు మీద కోపం. "బతికే ఉన్నాను" అని కసురుకునేవాణ్ణి. చివరికి అడిగి మరీ గార్లదిన్నె వైపు ఒక కాలేజీకి బదిలీ చేయించుకుని, దానికి దగ్గరలోని పల్లెలో ఊరి చివర ఇల్లు అద్దెకు తీసుకున్నాను. ఎవరూ పలకరించని చోటు కావాలనుకున్నాను, దొరికింది. కోరుకున్నది దొరికాక ఎంత ఘోరంగా ఉంటుందో అప్పటికి తెలియదు.

కాలేజీ ఉన్నన్నాళ్ళు పరవాలేదు. పిల్లల మీద అరవడానికైనా నోరు తెరిచేవాణ్ణి. సెలవులొస్తే అదీ లేదు. ఆ ఊరికి వచ్చాక మూడో వేసవిలో ఒక ఉదయం పాల ప్యాకెట్ అడగబోతే గొంతు పెగల్లేదు. షాపాయన జలుబు చేసిందా సార్ అన్నాడు. లెక్క వేసుకుంటే అంతకు ముందు రెండు రోజులు నేను ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడలేదు. అవునప్పా, జలుబే అన్నాను.

నాతో రోజూ మాట్లాడే మనిషి ఒక్కతే ఉండేది, అదీ ఒకే ఒక్క మాట. పక్కింటామె. అరవై దాటిన మనిషి. నేను అక్కా అనేవాణ్ణి, ఆమె సారూ అనేది. భర్త ఎప్పుడో పోయాడు. కూతురు రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే చోట పనిచేస్తుంది. ఇక్కడ ఈమెకు ఉన్నదల్లా ఒక ఎనుము. బర్రెను మేము ఎనుము అంటాం. మా రెండిళ్ళ మధ్య నడుమెత్తు గోడ, గోడకు అవతల శనక్కాయ కట్టె వామి. కాయలు తెంపుకున్నాక మిగిలే ఎండు తీగలే కట్టె. వాటిని ఇంటెత్తున పేర్చి పెట్టుకుంటే, వానలు పడి పచ్చగడ్డి మొలిచేదాకా పశువుకు అదే తిండి. ఆ వామి లేకపోతే ఎనుము నిలవదు. ఎనుము లేకపోతే ఆమెకు ఆ ఊళ్ళో బతుకు లేదు. ఇది నాకు మొదటినుంచీ తెలుసు.

ఊరంతా బోదగడ్డి కప్పిన కొట్టాలున్న రోజుల్లో ఎండాకాలం వస్తే పొద్దు ఎక్కకముందే వంటలు ముగించి పొయ్యిల్లో నీళ్ళు పోసేవాళ్ళట. ఎవరి పొయ్యి ఆరింది, ఎవరిది ఆరలేదు అని ఒకరినొకరు అడుక్కునేవాళ్ళట. తప్పనిసరిగా ఎవరైనా బయట నిప్పు పెట్టుకోవాల్సి వస్తే, దగ్గర్లో వామి ఉన్నవాళ్ళు నీళ్ళ బిందెతో వచ్చి బూడిద చల్లారేదాకా అక్కడే కూర్చునేవాళ్ళు. ఇప్పుడు కొట్టాలు పోయాయి, గ్యాసు వచ్చింది. ఈమె మాత్రం అలవాటు మానలేదు. పది గంటలకు గోడ మీదుగా ఒక కేక వేసేది.

"సారూ, పొయ్యి ఆరిపితివా?"

"గ్యాసు పొయ్యి అక్కా. తిప్పితే అదే ఆరిపోతుంది."

"ఏదో ఒగటిలే. ఆరిపితివా, ల్యాదా?"

"ఆర్పినా."

అంతే. ఆమె పని ఆమెది. విసుక్కుంటున్నట్టు జవాబు చెప్పేవాణ్ణి గానీ, తొమ్మిదిన్నర నుంచీ నా చెవులు గోడ వైపే ఉండేవి. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఒకప్పుడు బెంగళూరులో ఒక హోటల్లో బల్ల మధ్యనే నిప్పులు పెట్టి, చువ్వలకు గుచ్చిన ముక్కలు మా ముందరే కాల్చి పెట్టారు. మా ఆవిడకు బాగా నచ్చింది. ఇంట్లో కూడా ఒకటి పెట్టుకుందాం అంది. పొగకు పైవాళ్ళు తిడతారని కొట్టిపారేశాను. ఆ సెలవుల్లో అది గుర్తొచ్చింది. గార్లదిన్నెలో ఒక వెల్డింగ్ షాపుకు వెళ్ళి, సగానికి కోసిన నూనె డ్రమ్ముకు కాళ్ళు పెట్టించి, పైన ఇనుప జాలీ వేయించాను. ఎంతమందికి సార్ అని వెల్డరు అడిగాడు. నలుగురైదుగురు వస్తారని చెప్పాను. దాంతో అతను డ్రమ్ము ఇంకాస్త పెద్దది చూశాడు.

మొదటి ఆదివారం పొద్దున ఏడింటికే కంపచెట్టు బొగ్గులు రాజేశాను. పొగ లేచి లేవకముందే గోడ అవతల తల కనిపించింది.

"ఏం సారూ, ఏం చేస్తాండావు?"

"బార్బెక్యూ అక్కా. కోడిమాంసం కాలుస్తాండా."

"గ్యాసు అయిపోయిందా?"

"లేదు."

"మరి ఈ కాలంలో నిప్పెందుకప్పా? ఈడ వామి ఉండాది, కండ్లకు కనపడల్యా?"

నాకు ఒళ్ళు మండింది. గాలి ఇంకా లేవలేదని, అది లేచేలోపు ఆర్పేస్తానని, ఈ సంగతులన్నీ చదువుకున్నవాణ్ణని గట్టిగానే చెప్పాను. ఆమె చెవిన వేసుకోలేదు. లోపలికి వెళ్ళి నిండు బిందె నడుమున పెట్టుకుని చుట్టూ తిరిగి నా పెరట్లోకి వచ్చింది. "నీ సదువు సంగతి నాకు తెలీదు గానీ, అది సల్లగయ్యేదాకా నేను ఈడే కూసుంటా" అని బండ మీద కూర్చుంది. పోలీసును ఎదురుగా పెట్టుకుని వంట చేస్తున్నట్టు ఉంది నాకు.

ఆ తర్వాత ఆమే నా పనితనానికి వంకలు పెట్టడం మొదలుపెట్టింది. ముక్క ఇంత లావు కోస్తే లోపల ఉడకదంది. కారం ఎవరు చూసి వేశారంది. కాలిన ముక్క చేతిలో పెడితే నమిలి, "పరవాలే, ఎండు రొట్టె కంటే మెత్తగా ఉండాది" అంది. నవ్వొచ్చింది. నవ్వితే దవడలు నొప్పి పుట్టాయి. ఆమె ఎనుము గురించి చెప్పింది, దాని మొండితనం గురించి, పాలు పిండేటప్పుడు రేడియో పెడితేనే కదలకుండా నిలబడడం గురించి. బూడిద చల్లారేసరికి తొమ్మిదయింది. చేత్తో తాకి చూసి, మిగిలిన నీళ్ళు కూడా పోసి, బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు సాయంత్రందాకా నేను ఊరికే ఇంట్లో తిరుగుతూ ఈల వేసుకున్నాను.

రెండో ఆదివారం ఆమె బిందెతో పాటు రాగిసంగటి, అందులోకి ఊరిబిండి పచ్చడి కూడా తెచ్చింది. ఒట్టి మాంసం తింటే కడుపు నిండదంది. మా ఆవిడ గురించి ఎవరు అడిగినా నాకు గిట్టదు కదా, ఈమె అడిగితే చెప్పాను. ఎన్నేండ్లు, ఏం జబ్బు, ఎవరు దగ్గరున్నారు అని ముక్కుసూటిగా అడిగింది, జాలి పడలేదు. "నాకూ అట్లనే సారూ. మూడేండ్లు రెండు పళ్ళాలు కడిగినా, తినేది ఒగదాంట్లోనే" అంది. ఆ మాట విని నాకు ఏడుపొచ్చింది. పొగ కళ్ళల్లో పడిందన్నాను.

ఇక్కడే నేను తప్పు చేశాను. మూడో ఆదివారానికి సన్నబొగ్గు పక్కనపెట్టి, బస్తా అడుగునుంచి పిడికెడేసి లావుపాటి గడ్డలు ఏరాను. లావు గడ్డ త్వరగా ఆరదు. ఏడింటికి కాకుండా ఎనిమిదిన్నరకు ముట్టించాను. గాలి లేస్తే ఆమె నిప్పు వదిలి కదలదు. ఇది ఆలోచించి, లెక్క వేసి చేసిన పని. పిల్లలకు మండే వస్తువుల గురించి చెప్పే తెలివంతా ఒక ముసలామెను నా పెరట్లో ఇంకో గంట కూర్చోబెట్టుకోవడానికి వాడాను. "ఈ పొద్దు ఏంటికి ఆరడం ల్యా?" అని ఆమె రెండుసార్లు అడిగింది. బొగ్గు మంచిది కాదక్కా అన్నాను. పదకొండున్నరదాకా కూర్చుంది.

నాలుగో ఆదివారం ఇంకా ఆలస్యం చేశాను. ఎండ మాడ్చేస్తోంది. కొండల వైపు నుంచి వేడిగాలి మొదలైంది. ఆమె రాగానే ఆకాశం చూసి, "వద్దు సారూ, ఈ పొద్దు ఆరిపేద్దాం" అంది. కాస్త ముక్కలు మిగిలాయక్కా, అయిపోవచ్చాయి అన్నాను. నిజానికి ముక్కలు ఎప్పుడో కాలాయి. ఆమె అప్పుడే బిందె నీడలోకి జరిపి పెట్టి, ఎనుము తాడు తెంపుకోను పెనుగులాడుతోందని అవతలికి చూస్తోంది. బీడు మీద ఒక సుడిగాలి లేచింది. దుమ్ము, ఆకులు, ప్లాస్టిక్ కవర్లు అన్నీ చుట్టుకుని నేరుగా మా పెరట్లోకి వచ్చింది. డ్రమ్ములోంచి నిప్పులు బుస్సున పైకి లేచాయి.

వామి మూల అంటుకుంది. ఆ చప్పుడు నేను మరిచిపోలేను. ఆమె బిందె ఎత్తుకుని గోడ మీదుగా కుమ్మరించి, గోడ దూకి, మండుతున్న కట్టెను చేతులతో లాగి ఇవతలికి విసరడం మొదలుపెట్టింది. అరవై దాటిన మనిషి గోడ దూకింది. నేను తొట్టిలో నీళ్ళు మోసి పోశాను. పక్క వీధివాళ్ళు నలుగురు పరుగెత్తుకొచ్చారు. వామిలో మూడో వంతు పోయింది. ఆమె కుడి ముంజేయి బొబ్బలెక్కింది.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె కాలిన కట్టె ముందు చతికిలబడి, "బిందె దూరం పెడితిని. నాదే తప్పు. కాపలా ఉండీ దూరం పెడితిని" అంది. పక్కవాళ్ళు ఆమెనే మందలించారు. సారుకేం తెలుసు, నీకు తెలియద్దా అన్నారు. నేను అక్కడే మసి చేతులతో నిలబడి ఉన్నాను. నోరు మెదపలేదు.

చేతికి మందు తెచ్చి ఇచ్చాను. కట్టె కొనిద్దామంటే ఆ ఏటి మేత కరువులో అమ్మేవాళ్ళెవరూ లేరు. డ్రమ్మును వెల్డరుకు తిరిగి ఇచ్చేశాను. ఆమెకు మొహం చూపించలేక కిటికీలు మూసుకుని కూర్చున్నాను. పదింటి కేక మాత్రం ఆమె మానలేదు. ఆర్పినానక్కా అని లోపలినుంచే జవాబు చెప్పేవాణ్ణి, బయటికి వచ్చేవాణ్ణి కాదు.

జూన్ వచ్చింది, వాన రాలేదు. రెండు మబ్బులు వచ్చి ఆశపెట్టి పోయాయి. మిగిలిన వామి కూడా మేతకు అయిపోయి నేలమట్టమైంది. కాలిపోయిన ఆ మూడో వంతు ఉండి ఉంటే ఎనుము నిలిచేదేమో, నిలిచేది కాదేమో. ఎటూ తేల్చుకోలేక చాలా రోజులు నాలో నేను వాదించుకున్నాను. ఒక రోజు కొనుక్కున్న మనుషులొచ్చి ఎనుమును తోలుకుపోయారు. అది వాకిలి దాటనని మొండికేస్తే ఆమే రేడియో పట్టుకుని ముందు నడిచి వీధి మలుపుదాకా సాగనంపింది.

వారం తర్వాత ఆమె కొత్త చీర కట్టుకుని, చేతిసంచితో నా వాకిట్లోకి వచ్చింది. రాయదుర్గానికి కూతురి దగ్గరికి పోతున్నానంది. ప్యాంట్లకు మిగిలిన దారాలు కత్తిరించే పని అక్కడ తనకూ ఇస్తారట, కూర్చుని చేసేదేనట. "ఇంగ నీకు అడ్డం ల్యా సారూ. వామీ ల్యా, ఏమీ ల్యా. నీ ఇష్టం వచ్చినప్పుడు కాల్చుకో" అంది. ఎగతాళి కాదు. నిజంగానే నాకు మేలు జరిగిందన్నట్టు చెప్పింది.

అప్పుడు ఆగలేకపోయాను. చెప్పేశాను. మాంసం కోసం కాదక్కా అన్నాను. నువ్వొచ్చి కూర్చుంటావని నిప్పు పెట్టాను. తొందరగా లేచి వెళ్ళకూడదని లావు బొగ్గులు ఏరాను. గాలి లేచేదాకా ఆగి ముట్టించాను. తప్పు నీది కాదు, బిందెది కాదు, నాది.

ఆమెకు కోపం వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. అర్థం కానిదేదో చూస్తున్నట్టు చూసింది.

"దానికి నిప్పెందుకు సారూ?" అంది. "పిలిచింటే రాకపోతినా?"

బస్సు టైమయిందని సంచి సర్దుకుని వెళ్ళిపోయింది. కాలిన మచ్చ ఉన్న చేత్తోనే సంచి పట్టుకుంది. ఆమె మలుపు తిరిగి కనబడకుండా పోయాక, ఈ మూడేళ్ళలో ఆమెను ఒక్కసారైనా లోపలికి రా అక్కా అన్నానా అని వెతుక్కున్నాను. అనలేదు. ఆ రోజు కూడా, అంత చెప్పినవాణ్ణి, ఆమెను వాకిట్లో ఎండలోనే నిలబెట్టి మాట్లాడాను.