పడుగు నీడన చిన్న సమాధి

కొత్త నేతచీర మడత విప్పగానే వచ్చే గంజి వాసనకు అందరికీ పెళ్లిళ్లో పేరంటాలో గుర్తొస్తాయేమో గాని, నాకు మాత్రం సమాధులు గుర్తొస్తాయి. ఈ మాట అంటే మా ఇంట్లోవాళ్లు నన్ను అదోలా చూస్తారు. మొన్న చీరాల నుంచి తెచ్చుకున్న ఎర్రచీర ఒళ్లో పరుచుకుని కూర్చుంటే, అరవై ఏళ్లు దాటిపోయినా, వేపపూత రాలే ఆ దొరల సమాధుల తోట మళ్లీ కళ్లముందుకొచ్చింది.

వెనకటి దొరలు ఏ ఉద్యోగాల మీదో మా వైపు వచ్చి, మన ఎండలకో జ్వరాలకో కన్నుమూసి, మా నేతపేట చివర ఆ తోటలో పడుకున్నారు. వాళ్ల తాలూకు మనుషులెవరూ వచ్చేవాళ్లు కాదు. రెండు వరసల వేపచెట్లు, వాటి మధ్య పొడుగాటి నీడ, కింద చల్లటి ఇసుక. పడుగు సాచడానికి అంతకంటే మంచిచోటు పేటలో లేదు. తెల్లవారుతూనే మా నాన్న, ఇరుగుపొరుగు వాళ్లు ఈ చెట్టు నుంచి ఆ చెట్టుదాకా సమాధుల మీదుగా నూలుపోగులు బారుగా లాగి కట్టి, గంజి పట్టించి, పెద్ద కుంచెలతో దువ్వుతూ అటూ ఇటూ నడిచేవాళ్లు. చచ్చిపోయినవాళ్లంటే మాకు భయముండేది కాదు. పోగు తెగితేనే భయం.

నేనూ, దూదేకులవారి మస్తానమ్మా ఆ పడుగు కింద పాక్కుంటూ సమాధి నుంచి సమాధికి ప్రయాణం చేసేవాళ్లం. పైన ఎర్ర పడుగు ఉంటే కిందికి దిగే వెలుగంతా ఎర్రగా ఉండేది, మా చేతులూ రాళ్లూ ఇసుకా అన్నీ ఒకే రంగులో ఊగుతుండేవి. ఇంగ్లీషు రాదు కనక పేర్లు మేమే పెట్టుకున్నాం. ఓడ లంగరు చెక్కిన రాయి లంగరు దొర. రాతి పుస్తకం తెరిచి ఉన్నది పంతులమ్మ దొరసాని. ఇంకొకాయన రాతిమీద సీసపు అక్షరాలుండేవట, వలలకు బరువులు కట్టుకోవడానికి ఎవరో ఊడదీసుకుపోతే గుంటలు మిగిలాయి. ఆ గుంటల్లో సీమచింత గింజలు పేర్చి ఆయనకు రోజుకో పేరు రాసేవాళ్లం. ఎండ ముదిరేసరికి తాటిముంజలు అక్కడే, ఆయన పక్కనే కూర్చుని తినేవాళ్లం.

తోట గోడకు బయట, మూల వేపచెట్టు కింద, మూరెడు రాయి ఒకటి ఒంటరిగా ఉండేది. దాని బాగోగులు మా నాయనమ్మవి.

మా నాయనమ్మ గొంతెత్తితే నాలుగు మగ్గాల అవతలికి వినపడేది. అలాంటి మనిషి ఆ రాయి దగ్గర మాత్రం నోరు మెదిపేది కాదు. కొత్త పడుగు సాచిన ప్రతిసారీ గుప్పెడు మరమరాలు, ఒక బెల్లంముక్క అక్కడ పెట్టి కాసేపు కూర్చునేది. నాన్న తర్వాత పుట్టిన కొడుకు ఐదో నెలలోనే పోయాడట. పళ్లు రాని పిల్లల్ని మావాళ్లు విడిగా పూడుస్తారు, గుర్తు పెట్టరు, వాళ్లకు తద్దినాలూ ఉండవు. ఆ పిల్లాణ్ణి పెట్టిన వాగుగట్టు కూడా వరదకు కొట్టుకుపోయింది. అందుకని, గోడ బయట విడిగా ఉన్న ఈ చిన్న రాయిని చూసి, దొరలదీ మన ఆచారమే కాబోలు, ఇదీ పాలుతాగే బిడ్డదే అనుకుంది మా నాయనమ్మ.

ఆరో తరగతిలో నాకు ఇంగ్లీషు మొదలైంది. నాలుగు మాటలు వచ్చేసరికి కాళ్లు నిలవలేదు. ఒకరోజు మస్తానమ్మా నేనూ కొబ్బరిచిప్పతో ఆ రాతిమీది పాచి గీకాం. పైన పేరు, జిమ్మీ. కింద పన్నెండు అంకె, వయసు కాబోలు. దాని పక్కన, నా వాచకంలో బొమ్మతో సహా ఉన్న మాట: డి, ఓ, జి.

"కుక్కటే?" అని మస్తానమ్మ పకపకా నవ్వింది. అంతలోనే గంజిచేతులతో ఇటే వస్తున్న నాయనమ్మను చూసి, నా జబ్బ గట్టిగా పట్టుకుంది. "చెప్పమాకే" అంది.

"ఏం రాశారే అందులో?" అని అడిగింది నాయనమ్మ.

"పేరు, నాయనమ్మా. జిమ్మీ అంట."

"మొగపిల్లోడా?"

"ఊఁ."

"ఎన్నేళ్లోడే?"

"ఏడాదన్నా నిండలేదంట."

నాయనమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని రాతిమీద పెట్టింది. "పేరు రాయించి రాయి వేయించింది చూడు. మంచి తల్లి" అంది. నాకు ఏడుపొచ్చింది. అబద్ధమాడినందుకు కాదు, అది ఆమె అంత తేలిగ్గా నమ్మినందుకు.

ఇంగ్లీషు వచ్చినవాడెవడో వచ్చి ఆమెకు చదివిపెడతాడేమోనని నాకు ఒకటే బెంగ పట్టుకుంది. మర్నాడే మేమిద్దరం గంజిలో సున్నం కలిపి ఆ కింది వరస పూడ్చేశాం. వానలకు కరిగిపోయేది. వానలు వెలిశాక మళ్లీ పూడ్చేవాళ్లం. మస్తానమ్మ పెళ్లయి వెళ్లిపోయాక నేనొక్కదాన్నే, నాయనమ్మ పోయేదాకా, ఏటా ఆ పని చేశాను. చదువుకున్నందుకు నేను చేసిన మొదటి పని అక్షరాలు చెరపడం.

మొన్న చీరకని వెళ్లినప్పుడు అటువైపు నడిచాను. ఇప్పుడు పడుగులు అక్కడెవరూ సాచడం లేదు. గోడ లేదు, లంగరు దొరా లేడు, పంతులమ్మ పుస్తకం సగం విరిగి మట్టిలో ఉంది. చిన్న రాయి ఉండేచోట రేకుల షెడ్డు వేశారు. మూల వేపచెట్టు మాత్రం ఉంది. సంచిలోంచి మరమరాలు తీసి దాని మొదట్లో పెడుతుంటే కాపలా మనిషి దగ్గరికొచ్చాడు.

"మీవాళ్లెవరన్నా ఉన్నారా అమ్మా ఇక్కడ?" అని మర్యాదగానే అడిగాడు.

"మా బాబాయి" అన్నాను.