మార్తమ్మగారు అడిగి తెప్పించిన నోరు

సహోదరులారా, సహోదరీలారా, మన పత్రికకు సాక్ష్యం రాసేవాళ్లు ముందుగా తమ పాపాలన్నీ విప్పి చెబుతారు. నాకు అంత తీరిక లేదు, మీకు అంత ఓపికా ఉండదు, కనుక నేరుగా నా చీకటి కాలానికే వస్తాను. రాజమండ్రిలో కాలేజీ చదువు చదివిన నన్నూ, ఉపదేశిగా ఉన్న మా ఆయననూ మిషను వారు శబరి నది దాటించి ఈ బస్తరు రాజ్యంలోని కోంటకు పంపారు, నేను ఆడపిల్లలకు బడి పెట్టాను, బడి కాస్త నిలదొక్కుకుంటున్నదనగా వానాకాలంలో చలిజ్వరం వచ్చింది, వచ్చినది చాలా రోజులు ఉండి పోయింది, పోతూ పోతూ నా గొంతును పట్టుకుపోయింది. మాట సంగతి అటుంచండి, గుసగుస కూడా రాలేదు.

నన్ను ఎరగని వారికి ఒక సంగతి చెప్పాలి. నేను వాదించే మనిషిని. మా ఆయన ప్రసంగంలో తప్పు దొరికితే ఆఖరి ఆమెన్ దాకా ఆగుతాను గాని ఇంటికి చేరేదాకా ఆగను. అటువంటి నాకు నోరు పడిపోయిన తరువాతి ఆదివారం మా ఆయన ఎంతో ధైర్యంగా, ఎంతో పొడుగ్గా ప్రసంగించారు. నేను పలక మీద రాసి వాదించబోతే, ఆ రోజుల్లో ఆయన కళ్లజోడు తరచుగా ఎక్కడో మరిచిపోయేవారు. సంఘంలో కొందరు నన్ను చూసి 'దేవుడు ఏది చేసినా మేలుకే' అని ఓదార్చారు. ఆ ఓదార్పులో ఎంత దుఃఖం ఉన్నదో ఎంత హాయి ఉన్నదో నాకు తెలుసు, ప్రభువుకు తెలుసు.

నవ్వకండి, ఇది నవ్వే సంగతి కాదు. మిషను దొరసాని పడవ మీద వచ్చి చూసి, వానలు వెనకబట్టి బడి తెరిచే వేళకు గొంతు రాకపోతే మమ్మల్ని తిరిగి కోస్తాకు పంపేస్తాననీ, ఈ జ్వరాల అడవికి మరొక పంతులమ్మ రాదు కాబట్టి బడి మూసేస్తాననీ చెప్పి వెళ్లింది. నా పిల్లలు అప్పుడే గుణింతాలు దాటి చిన్న చిన్న మాటలు కూడబలుక్కుంటున్నారు. ఆ సాయంత్రం నేను ఏడ్చాను, ఏడిస్తే కూడా చప్పుడు రాలేదు.

ఇక్కడ మార్తమ్మగారు వస్తుంది. ఈ ఏడు మనల్ని విడిచి ప్రభువు దగ్గరకు వెళ్లిన ఆ పెద్ద మనిషిని గురించి చెప్పడానికే ఈ సాక్ష్యం మొదలుపెట్టాను, నా గురించి చెప్పుకోవడం దారిలో తగిలిన పని. భర్త పోయాక ఆమె ఒక్కతే భద్రాచలం వైపు నుంచి పడవల మీద ఉప్పు దింపేది, అడవి ఊళ్ల వాళ్లు తెచ్చే చింతపండు, సారపప్పు కొనేది, కోంటలో ఆమె కొట్టు తెరిస్తేనే సంత మొదలైనట్టు. తెలుగు, దోర్లీ, హల్బీ, హిందీ నాలుగింటిలోనూ బేరమాడేది. అధికారి ఎవరైనా వచ్చి తన సామాను మోయమని మన వాళ్లను వెట్టికి పట్టుకుంటే, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లి విడిపించుకొచ్చేది. సంఘంలో 'పెద్ద' అనే పేరు మగవాళ్లది, పని ఆమెది.

ఆమె మా ఇంటికి వచ్చిన రోజున మా ఆయన నా కోసం ప్రార్థన చేస్తున్నారు. "ప్రభువా, నీ చిత్తమైతే, నీ చిత్తమైతేనే, ఈమెకు స్వరమిమ్ము" అన్నారు. మార్తమ్మగారు ఆమెన్ అనలేదు.

"ఏంది ఉపదేశీ, ఆ 'నీ చిత్తమైతే' కాడ అంత గట్టిగ నొక్కుతున్నవు? ఇస్తే ఇయ్యి లేకుంటే లేదన్నోనికి సంతల ఎవడన్న సరుకిస్తడా? నువ్వు జర జరుగు, నేనడుగుత."

అని ఆమె మోకరించి చేసిన ప్రార్థన నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది:

"ప్రభువా, ఈ పంతులమ్మ నోరు మంచిది కాదు. ఆ సంగతి నాకెరుక, నీకెరుక, ఊరికి ఎరుక. 'మార్తమ్మా, నీకు వాక్యం సమజ్ కాలే' అని అందరి ముందల నన్నే అన్నది. అయినా నేను ఆ నోరే అడుగుతున్న. మెత్తటి నోరు ఇయ్యకు తండ్రీ, మెత్తటి నోర్లు మా సంఘంల శాన ఉన్నయి, తహసీల్దారు ఎదుట ఒక్కటి తెరుసుకోదు. పోరగాండ్లకు అక్షరాలు చెప్పాలె, అంతే. కొత్తది అడుగుతలేను, పాతదే ఇయ్యి. ఇచ్చేదాంక ఈడికెల్లి లేవ."

కొంతసేపటికి ఉప్పు కోసం మనిషి వచ్చి కేకేస్తే లేచింది. "బేరం ఇడిసిపెట్టి పోతలేను ప్రభువా, మల్లొస్త" అని చెప్పి మరీ వెళ్లింది. మళ్లీ వచ్చింది కూడా, రోజూ వచ్చింది, ఉప్పు చేతులతోనే నా గొంతు పట్టుకుని ప్రార్థించేది.

వానలు వెనకబట్టాయి. గొంతు రాలేదు. దొరసాని రేపో మాపో వస్తుందనగా సంత రోజున మార్తమ్మగారు "ఇంట్ల కూసుంటే పలక అరుగుతది గాని ఏమొస్తది పిల్లా, నడువు" అని నన్ను తీసుకుపోయి తన కొట్టు అరుగు మీద కూర్చోబెట్టి, తాను వెనకవైపు పడవ వాళ్లతో బేరంలో పడింది.

ఎదుటి అంగడిలో కొత్తగా వచ్చిన ఒక వ్యాపారి గొల్లపల్లి నుంచి నడిచి వచ్చిన దోర్ల తెగ ఆడమనిషి దగ్గర సారపప్పు కొలుచుకుంటున్నాడు. మన కొలతల పద్ధతి మీకు తెలుసు. మొదటి సోలను 'ఒకటి' అనరు, శుభమని 'లాభం' అంటారు, దాని తరువాతిది 'రెండు'. ఈ మహానుభావుడు "లాభం, లాభం" అని నిండు సోల తన గంపలో పోసుకున్నాడు. రెండో సోల ఎత్తి "ఒకటి, ఒకటి" అన్నాడు. ఆమె పాపం అప్పుడు మొదటి వేలు ముడిచింది. ఒక సోల సారపప్పు, అంటే ఎన్ని చెట్ల కింద ఎన్ని పూటలు వంగితే వచ్చినదో, దేవుని పేరు చెప్పినంత భక్తిగా మింగేశాడు.

నేను పలక మీద టకటకా కొట్టాను, సంత గోలలో ఎవరికి వినిపిస్తుంది. 'రెండు' అని పెద్ద అక్షరాలతో రాసి పలక పైకెత్తాను, ఆ సంత మొత్తం మీద చదవగలిగినవాడు అతనొక్కడే. అతను చదివాడు, నన్ను చూసి చిరునవ్వు నవ్వి, "రెండు, రెండు" అని మూడో సోల పోశాడు.

"మూడు!"

ఎవరు అరిచారా అని నేనూ వెనక్కి తిరిగి చూశాను. నేనే. ఆ తరువాత నేనన్న మాటలు సంఘ పత్రికలో అచ్చు వేయదగినవి కావు, కాని ఎక్కడా తడబడలేదు, దేవునికే మహిమ. పడవ వాళ్లను వదిలి పరుగెత్తుకొచ్చిన మార్తమ్మగారు కొంచెంసేపు విని, "పాతదే ఇచ్చినవయ్యా" అని ఆకాశం వైపు చేతులు జోడించి, వ్యాపారి వైపు తిరిగి, "గంప బోర్లియ్యి నాయనా, మొదటికెల్లి కొలువు" అన్నది. అతను కొలిచాడు. ఆమె దోర్లీలో లెక్కపెట్టింది, నేను తెలుగులో లెక్కపెట్టాను, గొల్లపల్లి ఆమె మా ఇద్దరినీ చూసి నవ్వుతూ వేళ్లు ముడిచింది.

కోపానికి గొంతు తెరుచుకుంటుందని ఒక డాక్టరుగారు నాకు తరువాత వివరించారు. అయ్యా, కోపం నాకు ఆ వానాకాలమంతా రోజూ వచ్చింది, మా ఇంటికి వచ్చి అడగండి, ఏ రోజూ తెరుచుకోలేదే అన్నాను. మా ఆయన కృతజ్ఞతా ప్రార్థన చేశారు, క్లుప్తంగా చేశారు. దొరసాని వచ్చింది, నేనే ఎదురు వెళ్లి మాట్లాడాను, ఆమె వచ్చిన పడవలోనే వెళ్లిపోయింది, బడి నడుస్తున్నది.

ఈ ఏడు మార్తమ్మగారికి ఒక పక్క పడిపోయి మాట పోయింది. నేను ఆమె మంచం దగ్గర మోకరించి, ఆమె నేర్పినట్టే, నీ చిత్తమైతే అనకుండా అడిగాను. రోజూ అడిగాను. ప్రభువు ఇవ్వలేదు. ఆఖరి రోజున నేను ఆయనతో గట్టిగా వాదిస్తూ ఉంటే, ఆమె కదిలే చెయ్యి ఒక్కటీ ఎత్తి నా నోటి మీద పెట్టింది. కళ్లలో నవ్వు ఉంది. ఇక బేరం చాలు అన్నట్టు ఆ చెయ్యి అలాగే ఉంచింది, నేను ఊరుకున్నాను. నన్ను ఊరుకోబెట్టగలిగినది ఆమె ఒక్కతే.

ఇవ్వనిదాని గురించి పరలోకంలో ఆయన్ని అడుగుతాను, ఇచ్చినదానికి ఇక్కడే స్తోత్రం చెబుతున్నాను. మీలో ఎవరికి ఏది పోయినా సిగ్గుపడకుండా ఆయన గుమ్మం ముందు కూర్చుని అడగండి. అడగడానికి నోరు రాని వాళ్లు కోంట బడికి రండి, మీ పక్కన మోకరించి నేను అడుగుతాను.