ఊడ్పు వరసలో ఇంగ్లీషు

ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టిన మెర్సీ తెలుగు, లెక్కలు, సైన్సు, సోషలు ఒక్క ఊపులో గట్టెక్కేసింది. ఇంగ్లీషు దగ్గరే రెండుసార్లు బోర్లా పడింది. ఎనిమిదితో బడి మానేసి మడిలో దిగిన మనిషి, ముప్పై దాటాక మళ్లీ పుస్తకం పట్టడమే గొప్ప అని ఊరంతా అన్నారు. ఆ గొప్పతో ఆమెకు పనిలేదు. రామచంద్రపురం పక్కనున్న వాళ్ల ఊళ్లో అంగన్‌వాడీ టీచరు రిటైరవబోతోంది. పది పాసైన ఊరి కోడలికే ఆ ఉద్యోగం. మెర్సీకి అది కావాలి. అంతే.

చదువు చెప్పే సత్యప్రసాద్ మాస్టారు మంచివాడే గానీ, మాటలు మూటలకొద్దీ నెత్తిన పడేసే రకం. పెర్ఫార్మ్, కంప్లీట్, ఫుల్‌ఫిల్, ఎకాంప్లిష్, క్యారీ అవుట్ అని వరసపెట్టి బోర్డు మీద రాశాడు.

"అన్నీ పని చేసి ముగించడమేనమ్మా. కానీ దేని చోటు దానిదే."

"ఒక్క పని ముగించడానికి ఇన్ని మాటలెందుకండీ మాస్టారూ? మేం 'అయిపోయిందండి' అంటే మా రైతు అమ్మిరాజు గారికి అర్థమవుతుంది కదండీ?"

"అమ్మిరాజు గారు పేపరు దిద్దరు కదమ్మా!"

అదీ నిజమే. మెర్సీ వారం రోజులు ఆ మాటలతో కుస్తీ పట్టింది. పొద్దున పట్టుకున్నది సాయంత్రానికి జారిపోయేది. ఇంగ్లీషువాడికి పనికన్నా పని గురించిన మాటలే ఎక్కువనిపించి, వాణ్ణి నాలుగు తిట్లు కూడా తిట్టింది. పాపం, వాడికి వినపడలేదు.

అప్పుడే రెండో పంట దాళ్వాకి వరి ఊడ్పులు పడ్డాయి. అమ్మిరాజు గారి చేలో ఆడవాళ్లంతా పక్కపక్కన వంగి, ఎవరి వంతు పట్టీ, అదే పాయ, వాళ్లు నాటుకుంటూ వెనక్కి నడుస్తారు. పాయ పూర్తికాకుండా ఎవరూ గట్టెక్కకూడదు. అది ఆ ముఠా కట్టుబాటు. మెర్సీకి ఎడంవైపు సూరమ్మ. ఒక్క నారు పరక మిగిలినా ఊరుకోదు, వెనక్కొచ్చి మరీ గుచ్చుతుంది. ఆ పూట ఆమెను చూస్తూ చూస్తూ మెర్సీ ఫక్కున నవ్వింది.

"ఏంటే నవ్వుతున్నావ్?" అంది సూరమ్మ.

"నువ్వు కంప్లీటువి అత్తా!"

"తిట్టా పొగడ్తా?"

"పొగడ్తే!"

ఇక ఆ వరసలో ఎవర్నీ వదల్లేదు. మేస్త్రి చెప్పింది చెప్పినట్టు చేసే వీరవేణి క్యారీ అవుట్. వస్తానంటే జ్వరమున్నా వచ్చే వరహాలక్ష్మి ఫుల్‌ఫిల్. ఏళ్లతరబడి ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి పక్కా ఇల్లు సాధించుకున్న రత్నమాణిక్యం ఎకాంప్లిష్. మడిలో దిగితే పాట, గట్టెక్కితే ఆట అన్నట్టుండే బుల్లెమ్మ పెర్ఫార్మ్. నాలుగు రోజులు తిరిగేసరికి చేలో అసలు పేర్లు మాయమైపోయాయి.

"ఒసేయ్ ఎకాంప్లిషూ, నారు కట్ట ఇటు విసరవే!" అని బుల్లెమ్మ అరిస్తే, గట్టు మీద అమ్మిరాజు గారు నోరు తెరుచుకుని చూసేవారు. రత్నమాణిక్యం అయితే మొగుడితో కూడా తన కొత్త పేరు చెప్పుకుని మురిసిపోయింది.

పరీక్షలో ఆ మాటలే వచ్చాయి. సొంత వాక్యాల్లో వాడమన్నారు. కళ్లు మూసుకుంటే చాలు, వరసంతా వంగి నాటుతూ కనిపించింది. మెర్సీ కలం ఆగలేదు. బయటికొచ్చి మాస్టారికి ఒప్పజెప్పింది.

"సూరమ్మ గారు కంప్లీట్స్ హర్ వర్క్. వరహాలక్ష్మి గారు ఫుల్‌ఫిల్స్ హర్ ప్రామిస్..."

"ఇంగ్లీషులో గారు ఏంటమ్మా! మార్కులు కోసేస్తారు!"

"పెద్దవాళ్లండీ! గారు లేకుండా రాయడానికి నాకు చెయ్యి రాలేదండీ."

ఆ గారులే కొంప ముంచుతాయని మెర్సీ బెంగపెట్టుకుంది. ఆదివారం చర్చిలో మోకరించినా అదే దిగులు. ట్రాక్టరు తోలే మొగుడు అనిల్ కుమార్ మండపేట మిల్లు నుంచి రోజూ ఫోన్ చేసి ఫలితాలొచ్చాయా అని అడిగితే, విసుక్కుని పెట్టేసేది.

తొలకరి పంట సార్వా ఊడ్పులప్పుడు వచ్చాయి ఫలితాలు. మెర్సీ పాయ సగంలో ఉంది. గట్టు మీద పెట్టిన ఫోన్ మోగితే అమ్మిరాజు గారే తీశారు. విన్నారు. తలపాగా తీసి గాల్లో ఊపారు.

"మెర్సీ! పాసయ్యావంట! మంచి మార్కులేనంట! అంగన్‌వాడీ దరఖాస్తుకి ఇవాళే ఆఖరంట, సాయంత్రంలోగా ఆఫీసులో ఉండాలన్నారు మాస్టారు!"

చేను చేనంతా కేకలు. బుల్లెమ్మ బురదలోనే చిందేసింది. మెర్సీకి ఏడుపూ నవ్వూ కలగలిసి వచ్చేశాయి. కానీ కాలు కదల్లేదు. వెనక ఇంకా నాటని పాయ.

"ఇదయ్యాక వెళ్తానత్తా. గంటలో అయిపోద్ది."

"గంటలో ఆఫీసు మూసేస్తారే! నీ పాయ మేం చూసుకుంటాం, ఎళ్లు!" అని సూరమ్మ భుజంతో ఒక్క తోపు తోసింది. రత్నమాణిక్యం ఇటు, వరహాలక్ష్మి అటు జరిగి ఆమె పాయను పంచేసుకున్నారు. ఆ ముఠాలో సగం పాయ వదిలి గట్టెక్కిన మొదటి మనిషి మెర్సీ. ఎక్కించింది కూడా ఆ ముఠాయే.

కాలవలో కాళ్లు కడుక్కుని, ఇంటికి పరుగెత్తి కాగితాలు తీసుకుని, ఆటో ఎక్కి రామచంద్రపురంలో దిగింది. చీర కుచ్చిళ్ల నిండా బురద. దారిలో జనం చూశారు. చూడనీ అనుకుంది. అంత దర్జాగా ఆమె ఏనాడూ నడవలేదు.

తలుపు వేయబోతున్న గుమస్తా ఆమెను పైనుంచి కిందికి చూశాడు.

"ఏం చేస్తుంటారండి?"

"ఇవాళ్టిదాకా ఊడ్పులండి. ఇక మీదట టీచర్నండి."

"ఇంకా ఆర్డరు రాలేదు కదండీ!"

"వస్తుందండి," అంది మెర్సీ.

ఆ ఊరి ఊడ్పులు పూర్తికాకముందే వచ్చింది.