కట్టక, కట్టలేక

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు ఎదుటి ఫుట్‌పాత్ మీద బ్యాగులు, జిప్పులు బాగుచేసే రాజమల్లుకు మాట తక్కువ. తెగిన బ్యాగు చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూస్తాడు. బాగయ్యేదైతే "ఐతది" అంటాడు, లేదంటే "కాదు" అంటాడు. ఈ రెండు ముక్కలతోనే సంసారం ఈడ్చుకొచ్చాడని భార్య కిష్టవ్వ వేళాకోళం చేసేది. అలాంటి మనిషి కోర్టులో ఒక్క మాట ఎక్కువ మాట్లాడి ఉన్న ఇల్లు పోగొట్టాడు. ఎందుకు మాట్లాడాడో కిష్టవ్వ ఒక్కదానికే తెలుసు.

నాంపల్లి గల్లీలో వామన్‌రావు ఇంటి వెనక పోర్షన్ వాళ్లది. పెళ్లయి ఊరి నుంచి వచ్చి దిగింది అందులోనే, కొడుకు కరుణాకర్‌ను పెంచి పెద్దచేసిందీ అందులోనే. కిరాయి ఏనాడూ ఆగలేదు. నిరుడు లక్డీకాపూల్ దగ్గర కరుణాకర్ బండిని కారు గుద్దేదాకా అంతా సాఫీగానే నడిచింది. ఇంటింటికీ తిండి పార్సిళ్లు చేరవేసే పని వాడిది. కాలు నుజ్జయింది. ఆపరేషన్ చేసి రాడ్డు వెయ్యకపోతే కాలు దక్కదన్నారు.

"నా కాలు కోసం మీరు రోడ్డున పడొద్దు. కుంటోణ్ణై బతుకుత" అని వాడు సెలైన్ సూది పీకేసుకున్నాడు. నెత్తుటి చెయ్యి పట్టుకుని రాజమల్లు అబద్ధమాడాడు. "మనం పైసా పెడుతలేం బిడ్డా. అంత మీ కంపెనోళ్లే కడుతున్నరు." కొడుకు నమ్మాడు, సూది పెట్టించుకున్నాడు.

కంపెనీవాళ్లు ఫోనైనా ఎత్తలేదు. దాచుకున్న డబ్బు, కిష్టవ్వ వెండి కడియాలు, ఆ తర్వాత నెలనెలా కట్టాల్సిన కిరాయి, అన్నీ ఆ కాలికే పోయాయి.

వామన్‌రావు చెడ్డవాడేమీ కాదు. గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు, ఆయన మందులకూ ఆ కిరాయే దిక్కు. అడిగాడు, ఆగాడు, మళ్లీ అడిగాడు. కాలి ఖర్చు కంపెనీదేనని ఆయనా అనుకున్నాడు. రాజమల్లు తల వంచుకు నిలబడేవాడే తప్ప కారణం చెప్పలేదు. వామన్‌రావుకు చెబితే ఆయన భార్య పద్మకు తెలుస్తుంది, పద్మకు తెలిస్తే కరుణాకర్ చెవిన పడటానికి పూట కూడా పట్టదు. సామాన్లు బయట పడేసి తాళమెయ్యమనీ, నీళ్లు బంద్ చెయ్యమనీ వామన్‌రావుకు ఉచిత సలహాలిచ్చిన పెద్దమనుషులున్నారు. "గట్ల చేస్తే నేను తప్పుజేసినోణ్ణైత" అని ఆయన వకీలు ఫణికుమార్‌తో నోటీసిప్పించి, కోర్టుకే వెళ్లాడు. ఇదంతా కిరాయి పెంచమనే లొల్లి అని రాజమల్లు, కిష్టవ్వ కొడుకును నమ్మించారు.

చట్టానికి దయ తక్కువే గానీ, ఇలాంటి కేసులో ఒక్క సందు వదిలింది. ఫీజు లేకుండా వాదించడానికి వచ్చిన రశ్మి అనే వకీలమ్మాయి ఆ సందు చూపించింది. "కాకా, పైసలుండి మొండికేసినోళ్లను ఖాళీ చేయిస్తరు. కష్టమొచ్చి ఆగినోళ్లకైతే జడ్జిగారు బాకీ తీర్చుకోనీకి గడువియ్యొచ్చు. గడువుల కడితే కేసు కొట్టేస్తరు. నువ్వు 'కట్టలే' అనకు. 'కట్టలేకపోయిన' అను."

"రెండూ ఒకటే గాదా బిడ్డా?"

"మనింట్ల ఒకటే. కోర్టుల గాదు."

ఊళ్లో కిష్టవ్వ తమ్ముడు బర్రెలమ్మి డబ్బు సర్దుతానన్నాడు. ఇక కావాల్సింది గడువొక్కటే. అన్నం పెడుతూ కిష్టవ్వ మొగుడి చేత ఆ మాట చిన్నపిల్లాడికి పాఠం చెప్పినట్లు వల్లె వేయించింది. "కట్టలేకపోయిన సార్" అని అతను బుద్ధిగా అప్పజెప్పాడు.

కోర్టు రోజున రావద్దన్నా కరుణాకర్ వచ్చాడు. ఈమధ్యే మళ్లీ బండెక్కాడు. పని మధ్యలో వదిలేసి, తండ్రికి తోడుగా ఉందామని వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. వాణ్ణి చూడగానే కిష్టవ్వ బయటికి పొమ్మని సైగ చేసింది, వాడు కదల్లేదు.

"రోజూ అబిడ్స్‌లో కూర్చుంటావు, గిరాకీ ఉంటుంది. ఆ డబ్బంతా ఏమైంది? ఎవరికి పెట్టావు?" అని అడిగాడు ఫణికుమార్.

రాజమల్లు తలుపు వైపు చూశాడు. కొడుకు రెండు కాళ్ల మీద నిటారుగా నిలబడి ఉన్నాడు.

"కిరాయి కట్టలే సార్."

రశ్మి గబుక్కున లేచింది. "కట్టలేకపోయానంటున్నాడు సార్." జడ్జిగారు ఆమెను ఆపి, "ఆయన్నే చెప్పనివ్వండి. కట్టలేకపోయావా? డబ్బుండీ కట్టలేదా?" అన్నారు.

కిష్టవ్వ పెదవులు ఆ నేర్పిన మాటనే చప్పుడు లేకుండా పలికాయి. అతను ఆమెను చూడలేదు.

"పైసలున్నయ్ సార్. కట్టబుద్ధి గాలే."

వామన్‌రావు ముఖం పాలిపోయింది. గడువిస్తే ఇవ్వనీ అనుకునే వచ్చాడాయన. బయటికొచ్చాక, "ఇన్నేండ్లు ఒక్క గడపల బతికినం. నా మీద గింత కసి ఎందుకు రాజమల్లూ?" అన్నాడు. ఆయన కంట్లో నీళ్లు చూసి కిష్టవ్వకు అక్కడే కూలబడి ఏడవాలనిపించింది. తీర్పు వామన్‌రావు వైపే వచ్చింది. అప్పీలు చేస్తే అవుతుందేమో చూద్దామంది రశ్మి. "కాదు" అన్నాడు రాజమల్లు.

ఖాళీ చేయించడానికి కోర్టువాళ్లు వచ్చిన రోజున ఎవరూ గొంతు పెంచలేదు. పెంచింది కరుణాకర్ ఒక్కడే. అఫ్జల్‌గంజ్ అవతల దొరికిన రేకుల గదికి సామాను పంపడానికి, కుట్టుమిషన్ ఎత్తి ట్రాలీ ఆటోలో పెట్టి తండ్రి మీదికి తిరిగాడు.

"పైసలుండి కట్టలేదా బాపూ? నీ మొండితనానికి అవ్వ ఈ వయసుల గల్లీల పడ్డది. నా కాలుకు కంపెనోళ్లు గన్క దిక్కైన్రు. నీ చేతిల ఉంటే దానిక్కూడ పెట్టకపోతుంటివి!"

కిష్టవ్వ ఇక ఆగలేక నోరు తెరిచింది. రాజమల్లు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ఔ బిడ్డా, నాదే తప్పు" అన్నాడు కొడుకుతో.

కరుణాకర్ ఛీ కొట్టి, గల్లీ చివర ఆపిన తన బండి వైపు విసవిసా నడిచాడు. వాడు మలుపు తిరిగేదాకా రాజమల్లు ఆ నడకనే చూస్తూ నిలబడ్డాడు. అతని ముఖం వెలిగింది.

"సూసినవానే? జర గూడ కుంటుతలేడు."

కిష్టవ్వ కొంగు నోట్లో కుక్కుకుని తలూపింది.