మూడు మీద నిలవడ్డ ముల్లు

ఇది మా చుట్టాలల్ల ఏ పెండ్లికి పోయినా నన్ను నడుమ కూసోవెట్టి చెప్పించుకునే ముచ్చట. ఇయ్యాల మీకు గూడ చెప్తున్న. భయపడకుండ్రి, ఇండ్ల ఎవలికీ దెబ్బ తాకలే. నా ఇజ్జత్ ఒక్కటే పోయింది, అది గూడ చెన్నూరు రోడ్డు మీద, పట్టపగలు, పండుగ బట్టలల్ల.

మాది నస్పూర్. మా బాపు బొగ్గుబాయిల పనిచేసి రిటైరైండు. ఆయన పాత తెల్లకారంటే నాకు పానం. డ్రైవింగ్ దాని మీదనే నేర్చుకున్న, మొదటి గోడను గూడ దానితోనే గుద్దిన. గా ఏడాది దానికి ఏమైందో ఏమో, జర దూరం పోంగనే దగ్గుడు షురూ చేసేది, ఇంకింత దూరం పోతే బందయ్యేది. బాపుకు యాష్టకొచ్చింది.

“అరేయ్, దసరా నాడు చెన్నూరుల మీ అక్క ఇంటికి పోతుంటే గిది ఒక్కసారి ఆగిందనుకో, తెల్లారి తుక్కుకేసుడే” అన్నడు.

“నువ్వు ఫికర్ చెయ్యకు బాపూ. బీమారేందో నేను కనుక్కుంట” అన్న.

ఏం చూసుకోని అన్ననంటరా? ఫోన్ల వీడియోలు చూసుకోని. అండ్ల ఒకాయన చెప్పిండు: బండి ఆగుతుందంటే పంపు పెట్రోల్‌ను సరిగ తోస్తలేదేమో చూడాలె, దానికి పెట్రోల్ పైపు నడుమ ప్రెషర్ మీటర్ పెట్టాలె. ముల్లు మూడు మీద నిలవడితే పంపు మంచిగున్నట్టు, కిందికి పడితే ఖరాబైనట్టు. గింతేనా అనుకున్న! దోస్తు దగ్గర మీటర్ అడుక్కొచ్చి, పండుగ ముందటి రోజు పొద్దంత బానెట్ కింద తలకాయ పెట్టిన. పైపు ఇప్పి, నడుమ మీటర్ గొట్టం కలిపి, దాన్ని బానెట్ సందుల నుంచి బయటికి గుంజి, నడిపేటోనికి కనవడేటట్టు ముందటద్దానికి జర ఎడంగ టేపేసి అతికిచ్చిన. అప్పటికే నేను సగం డాక్టర్‌నైన. ఇగ స్టార్ట్ చేసి చూద్దామనే సరికి నన్ను కన్న మా అవ్వ ఉరికొచ్చింది.

“ఆగు కొడుకా! కొత్త సామాను. రేపు పూజ అయినంకనే చాలు చెయ్.”

బొగ్గుబాయి పనోళ్ల ఇండ్లల్ల దసరా అంటే ఇనుముకు పండుగ. తెల్లారి మా అవ్వ బాపు సుత్తెకు, నా బైకుకు, కత్తిపీటకు, మిక్సీకి, ఆఖరికి కుక్కర్ విజిల్‌కు గూడ బొట్టు పెట్టింది. మీటర్‌ను ఇడిసిపెడ్తదా? దాని మొఖం సగం కప్పుకపోయేటట్టు పసుపు రాసి, మీద కుంకుమ పెట్టింది.

“అవ్వా, గింత పసుపేంది?” అన్న.

“నీ తెలివంత దీన్లనే ఉన్నదంటివి గదా, గందుకే జర ఎక్కువ పెట్టిన.”

అందరం ఎక్కినం. తాళం తిప్పిన. చూస్తె ఏముంది! ముల్లు ఎర్రగ, నిటారుగ, సక్కగ మూడు మీద నిలవడ్డది.

“చూసినవా బాపూ! పంపు ఖతర్నాక్ ఉన్నది.”

“మంచిగుంటే మంచిదే. నడువు” అన్నడు బాపు.

తొవ్వల జైపూర్ ఊరు దాటినంక దగ్గుడు షురువైంది. నేను రోడ్డును గూడ సరిగ చూస్తలేను, ముల్లునే చూస్తున్న. బండి ఎగురుతుంది, వెనుక సీట్ల అవ్వ ఎగురుతుంది, ముల్లు మాత్రం వెంట్రుకంత కదుల్తలేదు. ఇంకింత దూరం పోయి, రోడ్డు పక్కకు ఒరిగి బండి బందైంది.

“పంపు గాదు బాపూ” అన్న జోరుగ. “ముల్లు మూడు మీదనే ఉన్నది. ప్లగ్గులై ఉంటయి.”

ప్లగ్గులు ఇప్పిన, తుడిసిన, పెట్టిన. స్టార్ట్ కాలే. ఫిల్టర్ ఇప్పి దులిపిన. కాలే. బ్యాటరీ వైర్లు గీకిన. కాలే. నా తెల్లచొక్క మాత్రం బాయిల దిగొచ్చినట్టైంది.

బాపు సీట్ల కూసోనే మీటర్ దిక్కు చూస్తుండు. “అరేయ్, ఇంజన్ బందైంది గదా. మరి ముల్లు కిందికి పడాలె గదరా?”

మీరైతే ఏం చేద్దురు? దగ్గరికి పోయి చూద్దురు. నేను లెక్చర్ ఇచ్చిన.

“గదే బాపూ, మంచి పంపు నిశాని! బండి బందైనా ప్రెషర్‌ను లోపల గట్టిగ పట్టుకోని ఉంటది.”

“పొద్దటి సంది అది ఒక్కసారన్న కదల్లే.”

“గంత మంచి పంపన్నట్టు!”

బాపు పెద్దగ ఊపిరి ఇడిసిండు. “సరే. గంత మంచిదైతే పంపు మీదనే ఎక్కి పోదాం పా. కారును తుక్కుకేద్దాం.”

నవ్వకుండ్రి, నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నా కారును ఎవడో గ్యాస్ కట్టర్‌తోని కోస్తున్నట్టే కనవడ్డది. నా మొఖం చూసి అవ్వ కిందికి దిగింది. కారు ముందట నిలవడి చేతులు జోడిచ్చింది.

“తల్లీ, పిలగాడు పరేషాన్ అవుతుండు. జర నడువు తల్లీ” అని మొక్కి, పక్కకొచ్చి మీటర్ మొఖం చూసి నాలుక కరుచుకున్నది. “అయ్యో, పొద్దున బొట్టు పెడ్తుంటే వేలు జారి గీత పడ్డది కొడుకా! గందుకే గిట్లైంది. ఆగు, తుడిసి మంచిగ పెడ్త.”

కొంగును సీసల నీళ్లతోని తడిపి ఒక్క తుడుపు తుడిసింది. ముల్లు మాయమైంది.

ఎర్రముల్లు, నిటారుముల్లు, మంచి పంపు నిశాని, మొత్తం అవ్వ కొంగుకు అంటుకున్నది. పసుపు కింది నుంచి అసలు ముల్లు సన్నగ, నల్లగ బయటపడ్డది. సున్న మీద పండుకోని ఉన్నది. పంపు పోయిందిరా నాయినా అని అది ఎప్పటి సంది మొత్తుకుంటుందో ఏమో.

అంతల కార్లకెల్లి ఒక చప్పుడొచ్చింది. బాపు దగ్గుతుండనుకున్న. నవ్వుతుండు. డోరు పట్టుకోని దిగిండు, నవ్వాగక మళ్ల కూసున్నడు.

“అంటే... మీ అవ్వ పెట్టిన బొట్టును చూసుకుంట బండి నడిపినవారా?”

“ముల్లు ఏ రంగు ఉంటదో వీడియోల చెప్పలే బాపూ.”

దాంతోని ఆయన ఇంకో పావుగంట లేవలే. ఫోన్ చేస్తే బావ ట్రాక్టర్ తెచ్చి, తాడు కట్టి గుంజుకపోయిండు. తొవ్వ పొడుగూత బాపు నవ్వుతనే ఉన్నడు. చెన్నూరు రాంగనే కండ్లు తుడుసుకోని అన్నడు:

“బండిది తప్పేం లేదు. పంపు మార్పిద్దాం, తుక్కుకు వద్దు.”

నా పానం లేచొచ్చింది. “సచ్చీ, బాపూ?”

“సచ్చీ. తాళం చెవి మాత్రం మీ అవ్వకియ్యి. ఇగ బండి నడుపుడు ఆమెనే నేర్చుకుంటది.”

గా సాయంత్రం అందరు జమ్మి ఆకు చేతుల పెట్టి, ఒకలనొకలు కావలిచ్చుకోని అలాయ్ బలాయ్ తీసుకుంటుంటే, నేనొక్కన్ని చెట్టు ముందట నిలవడి గుండె మీద చెయ్యేసుకోని ఒట్టేసుకున్న: ఇగ నా జిందగిల ఏ మీటర్ ఏం చెప్పినా సరే, ముందు దాని మొఖం కడిగినంకనే నమ్ముత.